ఇంజను ఒక్కటేనా, గేరుబాక్సుతో కలిపా?
భేస్తాన్ గ్యారేజీలో ఒక నిర్ణయం, దాని ఖరీదు

సూరత్ నుండి ముంబై దిశగా సాగే పాసింజరు రైలుకు ఉధ్నా తరువాతి స్టేషను భేస్తాన్. దాని తరువాతది సచిన్. ఒక వైపు పాండేసరా పారిశ్రామిక వాడ, మరొక వైపు సచిన్ పారిశ్రామిక వాడ. నడుమ మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులకు గుడ్డ తానులను చేరవేసే చిన్న బండ్లు, ఆ బండ్లను బాగుచేసే గ్యారేజీలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు ఎన్నో ఏండ్ల క్రిందటే సూరత్ చేరి మగ్గాలపై జీవనం సాగిస్తున్న సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. అయితే ఆ కుటుంబాలలో పుట్టినవారందరూ నేడు మగ్గాల వద్దనే లేరు. కొందరు బండ్లు కొని నడుపుకొంటున్నారు. కొందరు ఆ బండ్లను విప్పడం, బిగించడం నేర్చుకున్నారు.

అటువంటి ఒక షెడ్డులో నేను రెండు రోజులు గడిపాను. బ్యాంకులో ఋణ విభాగపు ఉద్యోగం చేసి విరమించిన వ్యక్తికి గ్యారేజీలో ఏమి పని అని అడగవచ్చును. వాహన ఋణాలు, గ్యారేజీ ఋణాలు నా చేతి మీదుగా ఎన్నో వెళ్ళినవి. ఆ కాగితాల వెనుక జరిగే పనిని ఆద్యంతం కూర్చుని చూసిన పాపాన మాత్రం పోలేదు. షెడ్డు యజమాని తన పేరు అచ్చులో వద్దన్నారు. అక్కడ అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు గనుక నేనూ అట్లే వ్రాస్తున్నాను. ఆయనకు సహాయకుడు చెల్లెలి కొడుకు, ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ తరగతి ముగించుకొని నిరుడు ఊరి నుండి వచ్చినవాడు.

ఒకే ఇంజను, రెండు బండ్లు

నేను వెళ్ళిన నాడు షెడ్డులో రెండు బండ్లు ఉన్నవి. ఒకటి మారుతి 800 కారు, రెండవది మారుతి ఓమ్నీ వ్యాను. మొదటిది 1983 డిసెంబరులో గుర్‌గావ్ కర్మాగారం నుండి వెలువడి 2014 వరకు తయారైనది. రెండవది 1984లో వచ్చి 2019లో నిలిచిపోయినది. తయారీ ఆగినా రెండూ ఇంకా రోడ్లపై కనిపిస్తూనే ఉన్నవి. రెండింటిలోనూ ఉన్నది 796 సి.సి. సామర్థ్యం గల ఆ మూడు సిలిండర్ల ఇంజనే.

మేనల్లుడికి వచ్చిన సందేహమే నాకూ వచ్చింది. "మామా, రెండింట్ల ఒక్కటే ఇంజను గదా. ఇప్పుడు తీరు గూడ ఒక్కటేనా?" అని అడిగాడు.

"ఇంజను ఒక్కటే బిడ్డా, కూసున్న తీరు వేరు. ముందుగాల బండి కింద పండుకొని చూడు. తర్వాత పానా పట్టు" అన్నాడు ఉస్తాద్.

ఆ కూర్చున్న తీరులోనే సంగతి అంతా ఉన్నది. మారుతి 800లో ఇంజను అడ్డంగా అమర్చబడి ఉంటుంది. దాని ప్రక్కనే గేరుబాక్సు, అందులోనే డిఫరెన్షియల్. అక్కడి నుండి రెండు యాక్సిల్ షాఫ్టులు ముందు చక్రాలకు పోతాయి. ఇంజనూ గేరుబాక్సూ కలిసి ఒకే ముద్దవలె ఉంటాయి. ఓమ్నీలో అదే ఇంజను ముందు సీట్ల క్రింద నిలువుగా, అనగా బండి పొడవున ఉంటుంది. దాని వెనుక గేరుబాక్సు, అక్కడి నుండి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక ఇరుసుకు. అంబాసిడర్, జీపు వంటి పాత బండ్ల అమరికా ఇదే. కాకపోతే వాటిలో ఇంజను బానెట్టు క్రింద ఉండి పైకి వస్తుంది. ఓమ్నీలో సాధారణంగా క్రిందికి దింపవలసిందే.

అసలు తీయాలా?

మారుతి 800 యజమాని ఇంజను తీసివేయమనే వచ్చాడు. ఎక్కుడు మీద బండి లాగడం లేదని, ఇంజను పని అయిపోయిందని అతని నమ్మకం. ఉస్తాద్ బండిని నిలబెట్టి, చేతి బ్రేకు గట్టిగా వేసి, పై గేరులో క్లచ్ నెమ్మదిగా వదిలి చూశాడు. ఇంజను ఆగిపోవలసినది, ఆగక తిరుగుతూనే ఉన్నది. క్లచ్ ప్లేటు అరిగి జారుతున్నదన్న మాట. దానికి ఇంజను తీయనవసరం లేదు. గేరు ఆయిలు వంచి, యాక్సిల్ షాఫ్టులు తప్పించి, ఇంజను క్రింద చెక్క పెట్టి జాకీతో ఆపి, గేరుబాక్సు ఒక్కదానిని క్రిందికి దింపితే సరిపోతుంది. సాయంత్రానికి కారు వెళ్ళిపోయింది. ఇంజను దింపకుండా పంపడం వలన ఉస్తాద్‌కు వచ్చే మజూరీ తగ్గింది. ఆయన దానిని గురించి ఏమీ అనలేదు; నాకు మాత్రం ఇది వ్రాయాలనిపించింది.

ఓమ్నీ సంగతి వేరు. ఆయిలు తాగుతున్నది, క్రింది నుండి దడదడ శబ్దం వస్తున్నది. క్రాంకు బేరింగులు పోయినవి. క్రాంకును లేతు పనివారి వద్ద సాన పట్టించాలి, బోరు కొలిపించాలి. ఇంజను బయటికి రాక తప్పదు. హెడ్డు గ్యాస్కెట్టు ఒక్కటే పోయి ఉంటే బండిలోనే పని అయ్యేది.

నీట మునిగిన బండి విషయంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అత్యధిక భాగం మునిగిన సంగతి తెలిసినదే. సిలిండరులోనికి నీరు చేరిన ఇంజనును తాళం త్రిప్పి స్టార్టు చేస్తే, నీరు గాలివలె అణగదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తాళం త్రిప్పక, ప్లగ్గులు విప్పి నీరు వెళ్ళగొట్టి, ఆయిలు మార్చిన బండ్లలో చాలావాటికి ఇంజను దింపే అవసరమే రాదు.

రెండు దారులు

తీయవలసిందేనని తేలిన తరువాత గదా శీర్షికలోని ప్రశ్న. పొడవున అమర్చిన ఇంజనును ఒక్కదానినే తీయాలంటే గేరుబాక్సు బండిలోనే ఉండిపోతుంది. అప్పుడు గేరుబాక్సు క్రింద మరొక జాకీ ఉండి తీరాలి. బెల్ హౌసింగు చుట్టూ ఉన్న బోల్టులు విప్పి, ఇంజనును తిన్నగా ముందుకు లాగాలి. గేరుబాక్సు నుండి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటు నడిమి పళ్ళలో నుండి పూర్తిగా బయటికి వచ్చే వరకు ఎత్తు ఒకే మట్టంలో ఉండాలి. ఇక్కడ తొందరపడి పైకి ఎత్తితే ఇంజను బరువు మొత్తం ఆ సన్నని షాఫ్టు మీద వ్రేలాడుతుంది. క్లచ్ ప్లేటు బొడ్డు వంగుతుంది, ఒక్కొక్కసారి షాఫ్టుకే దెబ్బ తగులుతుంది. ఆ వంపు కంటికి కనబడదు. బిగించిన తరువాత బండి కదిలేటప్పుడు వణుకుతుంది, మళ్ళీ విప్పవలసి వస్తుంది.

రెండింటినీ కలిపి తీస్తే ఈ గండం ఉండదు. చేయి దూరని చోట ఉన్న పై బోల్టులను నేల మీద తీరికగా విప్పవచ్చును. తిరిగి కలిపేటప్పుడు కూడ వెలుతురులో కంటితో చూస్తూ కలపవచ్చును. కాని పని పెరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు, గేరు రాడ్డు, స్పీడో మీటరు కేబులు, క్లచ్ కేబులు, రివర్సు లైటు వైరు అన్నీ విప్పాలి. షాఫ్టు తీసిన చోట గేరుబాక్సు తోక నుండి ఆయిలు కారుతుంది. అంబాసిడర్ వంటి బండిలో పైకి తీసేటప్పుడు తోక క్రిందికి వ్రేలాడేటట్లు ఏటవాలుగా ఎత్తాలి గనుక ఎక్కువ ఎత్తు కావాలి, బరువూ ఎక్కువే. ఇరుకు షెడ్డులో ఇది ఎప్పుడూ సాధ్యపడదు.

ఆటోమేటిక్ గేరుబాక్సు గల కార్లు ఇప్పుడు భేస్తాన్ షెడ్లకూ వస్తున్నవి. వాటిలో కొన్నింటికి క్లచ్ ప్లేటుకు బదులు టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఇంజనును విడదీసేటప్పుడు దానిని ఫ్లెక్సు ప్లేటుకు బిగించిన బోల్టులు విప్పి, కన్వర్టరు గేరుబాక్సులోనే మిగిలేటట్లు చూడాలి. అది ముందుకు జారి, తిరిగి సరిగా కూర్చోకుండా బోల్టులు బిగిస్తే లోపలి ఆయిలు పంపు విరుగుతుంది. ఒక్క బోల్టు బిగింపుతో గేరుబాక్సు మొత్తానికి చేటు వస్తుందన్న మాట. తన దగ్గర తగిన పరికరం లేదని ఉస్తాద్ అటువంటి కార్లను తీసుకొనడం లేదు.

ఓమ్నీకి ఆయన ఎంచుకొన్నది రెండవ దారి. బెల్ హౌసింగు పై బోల్టులు తుప్పు పట్టి ఉన్నవి. బండి క్రింద పడుకొని వాటితో పెనుగులాడితే తలలు అరిగిపోతాయని, కలిపి దింపితే నేల మీద సులువని ఆయన అంచనా. ఆ నిర్ణయం జరిగిన తరువాతనే మొదటి పానా బయటికి వచ్చింది.

దింపడం

ఆ బండికి సి.ఎన్.జి. సిలిండరు ఉన్నది. ముందుగా సిలిండరు కవాటం మూసి, గొట్టంలో మిగిలిన వాయువు అయిపోయి ఇంజను తనంతట తాను ఆగే వరకు నడిపారు. అధిక పీడనపు గొట్టం జోలికి వెళ్ళలేదు. దానికి గుర్తింపు పొందిన కిట్టు పనివారు వేరే ఉన్నారు. తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీశారు. ఇంజను చల్లబడే వరకు ఆగి రేడియేటరు నీరు, ఆపై ఆయిలు వంచారు. ప్రతి వైరుకు కాగితపు టేపు అంటించి అంకె వేయడం మేనల్లుడి పని. సెల్‌ఫోనులో ఫోటో తీస్తే చాలదా అని అతడు అడుగగా, ఫోటోలో వైరు కనబడుతుంది గాని అది ఎక్కడికి పోయిందో కనబడదని మామ జవాబు. ఏ.సి. ఉన్న బండ్లలో గ్యాసు గొట్టాలు విప్పకుండా కంప్రెసరును మౌంటింగుల నుండి మాత్రమే తప్పించి ప్రక్కకు కట్టివేస్తారట. గ్యాసు తిరిగి నింపే ఖర్చు మిగులుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టును వెనుక ఇరుసు నుండి విప్పే ముందు రెండు ఫ్లాంజుల మీద సున్నంతో అడ్డగీత గీశారు. గీతకు గీత కలిసేటట్లు తిరిగి బిగించకపోతే బండి వేగం అందుకున్నప్పుడు అదరవచ్చును. గేరుబాక్సు తోకకు ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. ఇంజను క్రింద చక్రాల బల్ల పెట్టి, జాకీతో బరువు మోపి, మౌంటింగులు చివరకు విప్పారు. ఇంజనూ గేరుబాక్సూ బల్ల మీదికి దిగిన తరువాత బండి ముందు భాగాన్ని క్రేనుతో పైకి లేపి, ఇనుప స్టాండ్లు పెట్టి, బల్లను బయటికి లాగారు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. మొదలుపెట్టినది ఉదయం, ముగిసినది మధ్యాహ్నం మూడు దాటిన తరువాత.

క్వొటేషనులో కొట్టివేసిన పంక్తి

క్రేను అన్న మాట దగ్గర నేను కొంచెము ఆగవలసి ఉన్నది.

ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన 1993లో మొదలైన తొలి సంవత్సరాలలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక శాఖలో నేను పనిచేస్తున్నాను. ఒక యువకుడు గ్యారేజీ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. క్వొటేషనులో పానాల సెట్టు, జాకీలు, ఎయిర్ కంప్రెసరు, వాటితో పాటు చైన్ బ్లాకు, దానిని వ్రేలాడదీసే ఇనుప ముక్కాలి ఉన్నవి. లక్ష రూపాయల పరిమితికి లోబరచాలని నేను చివరి రెండింటినీ ఎర్ర సిరాతో కొట్టివేశాను. బరువు ఎత్తడానికి మనుషులు ఉంటారు గదా అనుకొన్నాను. ఋణం మంజూరైనది. ఏడాది లోపల ఒక జీపు ఇంజనును అతడు షెడ్డు కప్పు దూలానికి మోకుతో కట్టి ఎత్తగా, రేకులను మోయడానికి వేసిన ఆ యాంగిలు వంగి ఇంజను జారింది. సహాయకుడి పాదం నలిగిపోయింది. మూడు నెలలు షెడ్డు మూతపడి ఉన్నది, వాయిదాలు నిలిచిపోయినవి. అంతకు ముందు నేను వ్రాసిన తనిఖీ నివేదికలో 'ఉపకరణములు సక్రమముగా ఉన్నవి' అని ఉన్నది.

షెడ్డు కప్పు ఇంజనును మోయడానికి కట్టినది కాదు. నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను గేరుబాక్సుతో కలిపి రెండు వందల కిలోలు దాటవచ్చును. చైన్ బ్లాకుపై దాని సామర్థ్యం ముద్రించి ఉండాలి, ముక్కాలి కూడ అంతే బరువుకు తగినదై ఉండాలి. చక్రాల క్రేను కొనేవారు మరొక సంగతి గమనించాలి. రెండు టన్నులదని అమ్మే క్రేను చేయిని పొట్టిగా ఉంచినప్పుడే రెండు టన్నులు ఎత్తుతుంది. చేయిని చివరి రంధ్రం వరకు చాపితే అందులో నాలుగవ వంతు మాత్రమే మోయగలిగే రకాలు ఉన్నవి. పెద్ద బండి ముక్కు మీదుగా ఇంజనును అందుకోవాలంటే చేయి చాపక తప్పదు. గేరుబాక్సుతో కలిపి తీసే పని ఎక్కువగా ఉన్న షెడ్డుకు ఎంత సామర్థ్యం కావాలో ఈ లెక్కను బట్టి తేలుతుంది. క్వొటేషను చూసే అధికారి ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలును: మీరు ఏ బండ్ల ఇంజన్లు తీస్తారు, ఏ విధంగా తీస్తారు?

ఋణం, చిరునామా

ఉస్తాద్ మొదట కొన్నది చైన్ బ్లాకు, చేబదులుతో. క్రేను, ఎయిర్ కంప్రెసరు, స్టాండ్లు ముద్రా ఋణంతో వచ్చినవి. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో శిశు తరగతి కింద 50 వేల రూపాయల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. తరుణ్ ఋణం సక్రమంగా తీర్చినవారికి 2024 నుండి 20 లక్షల వరకు అవకాశం కల్పించారు. రోజ్‌గార్ యోజనను 2008లో ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో కలిపివేశారు. అందులో సేవారంగ యూనిట్లకు 20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయం అనుమతిస్తారు. సాధారణ వర్గాల వారికి పట్టణాలలో 15 శాతం, గ్రామాలలో 25 శాతం రాయితీ. ఊరిలో గ్యారేజీ పెట్టదలచినవారు ఈ తేడాను మరువరాదు.

వలస వచ్చినవారికి చిక్కు వేరొకటి. రేషను కార్డు ఊరిలో, షెడ్డు అద్దెది, అద్దె కాగితం లేదు. ఉస్తాద్ రెండు ఏండ్లు అడ్డతీగల వలె ఈ చుట్టే తిరిగాడు. చివరకు షెడ్డు యజమానితో అద్దె ఒప్పందం వ్రాయించుకొని, ఆధార్‌తో ఉద్యం నమోదు చేయించుకొన్నాడు. 2020 జులైలో వచ్చిన ఆ నమోదుకు రుసుము లేదు. జి.ఎస్.టి. అవసరం లేని అతి చిన్న యూనిట్ల కోసం 2023 జనవరిలో ఉద్యం అసిస్ట్ అనే మరొక ఏర్పాటు జరిగినది. ఆ పత్రం ఉన్నవారికి ఇచ్చే ఋణాన్ని కూడ బ్యాంకులు ప్రాధాన్య రంగ ఋణంగానే లెక్కిస్తాయి. బ్యాంకు గడప ఎక్కే ముందు ఈ పని పూర్తి చేసుకొంటే సగం తిరుగుడు తప్పుతుంది.

షెడ్డులో నిలిచిన బండికి మరొక లెక్క ఉన్నది. ఓమ్నీ యజమాని మగ్గాల షెడ్ల నుండి గుడ్డ తానులు మోస్తాడు. బండి నడిచిన నాడే రాబడి. వాయిదా మాత్రం నెల నెలా వస్తుంది. బాకీ తొంభై రోజులు మించితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. ఇంజను తీసే విధానం తప్పుగా ఎంచుకొని క్లచ్ ప్లేటు వంచుకొన్న షెడ్డులో బండి మరొక వారం పడి ఉంటుంది. లేతు పనివాడి దగ్గర వరుసలో ఆలస్యమైతే ఇంకొక వారం. ఈ కారణం చేతనే ఉస్తాద్ ఇంజను విప్పే ముందే లేతు పనివాడికి ఫోను చేసి రోజు ఖాయం చేసుకొంటాడు, బేరింగులు దొరుకుతాయో లేదో విచారించుకొంటాడు. ఆ విడిభాగాలకు ముందు డబ్బు ఆయనే పెట్టాలి. గ్యారేజీకి పనిముట్ల ఋణంతో పాటు నిర్వహణ మూలధనం కూడ ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తున్నది.

బిగింపు

కొన్ని దినాల తరువాత తిరిగి వెళ్ళినప్పుడు క్రాంకు సాన పట్టి వచ్చింది, ఇంజను కూర్చడం పూర్తయినది. క్లచ్ ప్లేటును నడిమికి తెచ్చేందుకు ఉస్తాద్ వాడినది విరిగిన గేరుబాక్సు నుండి కోసి తీసిన పాత షాఫ్టు ముక్క. దానిని దూర్చి ఉంచి ప్రెషర్ ప్లేటు బిగించి, ఆపై ముక్కను లాగివేశాడు. గేరుబాక్సును ఇంజనుకు చేర్చినప్పుడు నడుమ వేలెడు సందు మిగిలింది. మేనల్లుడు బోల్టు పెట్టి బిగించి సందు మూయబోయాడు.

"ఆగు బిడ్డా. బోల్టుతోని గుంజితే చెవి ఇరుగుతది. క్రాంకు జరంత తిప్పు, పళ్ళు కలుస్తయి" అన్నాడు ఉస్తాద్.

క్రాంకు పావు చుట్టు తిరగగానే గేరుబాక్సు తనంత తానుగా వెళ్ళి అంటుకొన్నది. అప్పుడు బోల్టులు.

బండిలోనికి ఎక్కించి అన్నీ కలిపిన తరువాత డబ్బాలో ఒక బోల్టు, ఒక వాషరు మిగిలినవి. అర్ధగంట వెదకగా తేలినది ఏమనగా, ఇంజను నుండి ఛాసిస్‌కు పోయే అల్లిక ఎర్తు పట్టీ ఒక కొన వ్రేలాడుతున్నది. అది లేకుండా సెల్ఫు మోటారు త్రిప్పితే ఆ కరెంటు క్లచ్ కేబులు గుండానో, యాక్సిలరేటరు కేబులు గుండానో దారి వెదుక్కొని వాటిని మాడ్చివేస్తుందట. రంగు గీకి శుభ్రం చేసి పట్టీ బిగించారు. ప్లగ్గు వైర్లు తీసి, ఆయిలు పైకి ఎక్కే వరకు సెల్ఫు కొట్టి, ఆ తరువాతనే స్టార్టు చేశారు.

చీకటి పడే వేళకు ఓమ్నీ యజమాని వచ్చాడు. మొదటి వేయి కిలోమీటర్లు బరువు తక్కువ వేయమని ఉస్తాద్ చెప్పగా, "రేపు పొద్దుగాల పాండేసరా మిల్లుకు నలభై తానులున్నయే అన్నా" అన్నాడతను. "రెండు దెబ్బలకు కొట్టు. ఇరవై, ఇరవై" అన్నాడు ఉస్తాద్, చేతులు కిరోసినుతో కడుక్కొంటూ.